ఆగమన్నచోట ఆగే మెసేజ్

హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న అపార్ట్‌మెంట్లలో పెద్దల చేతుల్లో ఫోన్లు, హాల్లో పిల్లలు వాడే ఒక ట్యాబ్ ఉండటం ఇప్పుడు మామూలు విషయం. 2020లో బడులు మూతపడి పాఠాలు తెరమీదికి వచ్చినప్పుడు చాలా ఇళ్లలోకి ట్యాబులు వచ్చాయి. పిల్లల పేర కొత్త ఖాతా తెరిచే తీరిక లేక నాన్న ఖాతాతోనో అమ్మ ఖాతాతోనో వాటిని మొదలుపెట్టేశారు. ఆ తర్వాత ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లన్నీ ట్యాబ్‌లోనూ కనిపించసాగాయి. బ్యాంకు పంపిన ఓటీపీ, జీతం పడిందన్న కబురు, స్కానింగ్ రిపోర్టు తయారైందన్న సమాచారం, వేరే కంపెనీ ఇంటర్వ్యూకు పిలుస్తూ వచ్చిన మాట, అన్నీ పిల్లాడు చూస్తున్న బొమ్మల సినిమా మీద వచ్చి నిలబడతాయి.

దీన్ని ఆపే ఏర్పాటు ఫోన్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో కొన్ని మెట్లు దిగితే దొరికే చిన్న స్విచ్ అది. దాన్ని ఒకసారి నొక్కి మరిచిపోతాం. కాస్త ఆగి, అది ఎక్కడ ఉంది, ఎవరి మాట వింటుంది, నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుంది అని చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. రెండు పరికరాలను కలపడం కష్టమైన పనే. కలిపినదాన్ని యజమాని కోరినప్పుడు, కోరినచోట, కోరినంత మేరకే విడదీసేలా కట్టడం అంతకన్నా కష్టం. ఆ రెండో పని ఎంత నేర్పుగా జరిగిందో చూపించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు ఎస్సెమ్మెస్ స్వభావం తెలియాలి. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో నీల్ పాప్‌వర్త్ అనే యువ ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని, వొడాఫోన్ సంస్థకు చెందిన రిచర్డ్ జార్విస్ ఫోన్‌కు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. లోకంలో మొదటి ఎస్సెమ్మెస్ అదే. ఒక్కో మెసేజ్‌కు దక్కిన చోటు 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు మెసేజ్ మామూలుగా వెళ్లే యూనికోడ్ పద్ధతిలో 70 సంకేతాలే పడతాయి. గుణింతం, ఒత్తు వేరువేరుగా లెక్కకొస్తాయి గనుక మన మాటకు చోటు ఇంకా ఇరుకు.

ఆ మెసేజ్ నేరుగా మన ఫోన్‌కు రాదు. ముందు టెలికాం సంస్థ నడిపే మెసేజ్ కేంద్రానికి చేరుతుంది. ఆ కేంద్రం ఈ నంబరు సిమ్ ఇప్పుడు ఏ ప్రాంతంలో ఉందో నెట్‌వర్క్‌ను అడిగి తెలుసుకుని అక్కడికి పంపిస్తుంది. ఫోన్ ఆపేసి ఉంటే మెసేజ్‌ను దగ్గర పెట్టుకుని మళ్లీ ప్రయత్నిస్తుంది. అందిందని ఫోన్ జవాబిచ్చాక తన పని ముగిసిందనుకుంటుంది. ఈ దారి మొత్తంలో గమ్యం ఒక్కటే, ఆ సిమ్ ఉన్న ఫోన్. మీ ఇంట్లో ట్యాబ్ ఉందన్న సంగతి టెలికాం సంస్థకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

మరి ట్యాబ్‌కు మెసేజ్ ఎలా చేరుతోంది? ఫోనే పంపుతోంది. ఇంటి పెద్ద చేతికి అందిన రిజిస్టరు ఉత్తరానికి ఆయనే నకళ్లు రాయించి తనకు నచ్చినవారికి పంచినట్టు, ఫోన్ తనకు వచ్చిన ఎస్సెమ్మెస్‌కు ప్రతి తయారుచేసి ఇంటర్నెట్ మీదుగా ట్యాబ్‌కు అందిస్తుంది. ట్యాబ్‌లో మీరు జవాబు రాస్తే అది ముందు ఫోన్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి మీ సిమ్ మీద మామూలు ఎస్సెమ్మెస్‌గా అవతలివారికి చేరుతుంది.

యాపిల్ ఈ సదుపాయాన్ని 2014 అక్టోబర్ 20న ఐఓఎస్ 8.1తో తెచ్చింది. పేరు టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్. అందులో మొదట మెచ్చుకోవాల్సింది, స్విచ్‌ను ఎక్కడ పెట్టారన్నది. అది సిమ్ ఉన్న ఐఫోన్‌లో ఉంటుంది. మెసేజ్‌లు అందుకునే ఐప్యాడ్‌లో దాన్ని పెట్టి ఉంటే, ఐప్యాడ్ ఎవరి చేతిలో ఉంటే వారే తమకు తాము అనుమతి ఇచ్చుకోగలిగేవారు. ఇప్పుడు ఆ వీలు లేదు. ఎవరి నంబరుకు వచ్చిన మాటకు వారే యజమాని అన్న ధర్మం ఆ స్విచ్ ఉన్న చోటులోనే ఇమిడిపోయింది.

రెండోది, ఒక్కో పరికరానికి ఒక్కో స్విచ్ ఇవ్వడం. ఐఫోన్ సెట్టింగ్స్‌లో మెసేజెస్ తెరిచి టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్ నొక్కితే, అదే ఖాతాతో నడుస్తున్న పరికరాల పేర్లు వరుసగా కనిపిస్తాయి. కొత్త ఐఓఎస్‌లలో మెసేజెస్ అన్నది యాప్స్ అనే విభాగంలోకి వెళ్లింది. ఆఫీసు పనికి వాడే మ్యాక్‌బుక్‌కు మెసేజ్‌లు వెళ్లనిచ్చి, పిల్లల ఐప్యాడ్‌కు మాత్రం ఆపేయవచ్చు. అందరికీ ఇవ్వు, లేదా అందరికీ మానేయి అని మనల్ని ఇరకాటంలో పెట్టదు.

మూడోది పైకి కనిపించదు. ఈ ప్రతులు ఐమెసేజ్ వాడే పద్ధతిలోనే ప్రయాణిస్తాయి. ఆ పద్ధతిలో ప్రతి పరికరమూ తనకంటూ ఒక తాళాల జత తయారుచేసుకుంటుంది. తెరిచే తాళంచెవి ఆ పరికరం దాటి బయటికి రాదు. మూసేందుకు పనికొచ్చే రెండోదాన్ని మాత్రం యాపిల్ దగ్గర నమోదు చేస్తుంది. మెసేజ్ పంపే ఫోన్, ఒక్కో పరికరానికి ఒక్కో ప్రతి విడిగా తయారుచేసి, దాన్ని ఆ పరికరమే తెరవగలిగేలా మూసి పంపుతుంది. మధ్యలో ఉన్న సర్వర్ దాన్ని మోయగలదు కానీ చదవలేదు.

ఆపడం ఎంత తేలికగా కుదిరిందో ఇక్కడ అర్థమవుతుంది. స్విచ్ ఆపగానే మధ్య దారిలో ఎవరో కాపలా ఉండి మెసేజ్‌ను అడ్డుకోవాల్సిన పనిలేదు. ఆ ఐప్యాడ్ కోసం ఫోన్ ఇక ప్రతి తయారుచేయదు, అంతే. అడ్డుకున్నది ఎప్పుడైనా జారిపోవచ్చు. అసలు పుట్టని ప్రతి ఎక్కడికీ జారిపోలేదు. ఆపడానికి విడిగా ఒక యంత్రాంగం కట్టకుండా, ఇవ్వడాన్ని కట్టిన తీరులోనే ఆపడం ఇమిడిపోయేలా చేశారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచినది ఇదే.

చేర్చుకునేటప్పుడూ అంతే జాగ్రత్త తీసుకున్నారు. ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ ఉంటే, నమ్మకమైనవిగా నమోదైన పరికరాలను ఫోన్ తానే చేర్చుకుంటుంది. లేకపోతే ఆరంకెల సంకేతాన్ని సరిచూసుకున్నాకే ఒప్పుకుంటుంది. పాస్‌వర్డు తెలిసినంత మాత్రాన దూరాన కూర్చున్నవాడు మన ఎస్సెమ్మెస్‌లు చదవకూడదన్న ఆలోచన ఆ ఆరంకెల వెనుక ఉంది.

అయినా చాలామంది ఈ స్విచ్ ఆపాక కూడా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయని విసుక్కుంటారు. కారణం ఉంది. ఐప్యాడ్‌కు మెసేజ్‌లు చేరే దారులు మూడు. ఎస్సెమ్మెస్‌ల నకళ్లు వెళ్లే దారి ఒకటి. ఐమెసేజ్ రెండోది. 2011 అక్టోబర్‌లో ఐఓఎస్ 5తో వచ్చిన ఈ సేవ ఖాతాను, నంబరును చూసి మెసేజ్‌ను నేరుగా ఐప్యాడ్‌కే చేరుస్తుంది. మూడోది ఐక్లౌడ్‌లో మెసేజ్‌లు దాచే ఏర్పాటు. ఇది 2018 మే నెలలో ఐఓఎస్ 11.4తో వచ్చింది. ఇందులో సంభాషణలన్నీ ఒకేచోట నిల్వ ఉంటాయి, పరికరాలన్నీ ఆ నిల్వనే చూస్తుంటాయి. ఎస్సెమ్మెస్‌లు కూడా అందులో భాగమే.

కాబట్టి మూడు దారులనూ విడిగా చూసుకోవాలి. మొదటిది ఫోన్‌లో ఆపాలి. రెండోదానికి ఐప్యాడ్‌లో మెసేజెస్ సెట్టింగ్స్ తెరిచి, సెండ్ అండ్ రిసీవ్ దగ్గర ఫోన్ నంబరును తీసేయాలి, లేదా ఐమెసేజ్‌నే ఆపేయాలి. ఐమెసేజ్ ఆగిన ఐప్యాడ్‌కు ఎస్సెమ్మెస్‌ల నకళ్లు కూడా చేరవు. పిల్లల ట్యాబ్‌కు ఇది సులువైన ఉపాయం. మూడోదానికి ఐప్యాడ్‌లోనే ఖాతా పేరు నొక్కి, ఐక్లౌడ్‌లోకి వెళ్లి మెసేజెస్ ఆపాలి.

ఇక్కడ వరుస ముఖ్యం. ఐక్లౌడ్ నిల్వ కలిసి ఉన్నంతసేపు ఐప్యాడ్‌లో తుడిచిన మెసేజ్ ఫోన్‌లోనూ తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ముందు ఐప్యాడ్‌ను నిల్వ నుంచి విడదీసి, ఆ తర్వాతే అందులో మిగిలిన పాత మెసేజ్‌లను తుడవాలి. ఫార్వర్డింగ్ స్విచ్ ఆపినా అంతకుముందు చేరిన మెసేజ్‌లు ఐప్యాడ్‌లో అలాగే ఉంటాయి. ఆపడం వేరు, తుడవడం వేరు. ఆపమన్నందుకు అడగని తుడిచివేత కూడా చేసేస్తే, మనిషికి ఎప్పటికైనా కావలసిన మాట ఏదో పోతుంది. అడిగిన పని ఒక్కటే చేసి ఆగడం మంచి పనివాడి లక్షణం.

ఆండ్రాయిడ్ ఇళ్లలో దారి వేరు, నీతి అదే. గూగుల్ 2018 జూన్‌లో తన మెసేజెస్ యాప్‌ను కంప్యూటర్ బ్రౌజర్‌లో చూసుకునే వీలు కల్పించింది. తెరమీద కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే జత కుదురుతుంది. ట్యాబ్‌లనూ ఇలా జతచేసుకోవచ్చు. ఏయే పరికరాలు జతలో ఉన్నాయో ఫోన్‌లోనే డివైస్ పెయిరింగ్ అన్నచోట కనిపిస్తుంది. ఒక్కొక్కదాన్ని విడదీయవచ్చు, అన్నింటినీ ఒకేసారి తెంచేయవచ్చు. ఆఫీసులో పక్కవారి కంప్యూటర్‌లో తెరిచి మూయడం మరిచిపోయినా, ఇంటి నుంచే ఫోన్‌లో ఆ జత తెంచే వీలుంది. శాంసంగ్ ఫోన్లలో కాల్ అండ్ టెక్స్ట్ ఆన్ అదర్ డివైసెస్ అన్న ఏర్పాటు ఒకే శాంసంగ్ ఖాతాతో ఉన్న ట్యాబ్‌కు కాల్స్‌నూ మెసేజ్‌లనూ అందిస్తుంది. అక్కర్లేనప్పుడు దాన్ని ఆపుకోవచ్చు.

ఈ చిన్న స్విచ్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకు? మన దేశంలో ఎస్సెమ్మెస్ ఇప్పుడు ఉత్తరం కన్నా ఎక్కువగా తాళంచెవి. ఆన్‌లైన్‌లో కార్డుతో చెల్లించాలంటే అదనపు ధ్రువీకరణ ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి నియమం పెట్టింది. ఆ ధ్రువీకరణ మన చేతికి ఎక్కువగా ఓటీపీ రూపంలోనే అందింది. ఓటీపీకి ఉన్న బలమంతా ఒక్క ఊహ మీద నిలబడి ఉంది. ఆ నంబరు చూసేది ఆ ఫోన్ పట్టుకున్న మనిషి ఒక్కరే అన్న ఊహ అది. ట్యాబ్‌లోనూ ఓటీపీ మెరిస్తే ఆ ఊహ పలచబడుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లోనే ఎస్సెమ్మెస్ ధ్రువీకరణను పరిమితంగా, జాగ్రత్తలతో వాడాల్సిన కోవలో పెట్టింది. ఎస్సెమ్మెస్ ఓటీపీకి మించిన ఇతర పద్ధతులకూ చోటిస్తూ మన రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో ఆదేశాలు ఇచ్చింది. అవి అమలు కావడానికి 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయమని పోలీసులు చెబుతూనే ఉన్నారు. నోటితో చెప్పకపోయినా హాల్లోని తెర చెప్పేస్తుంటే ఆ జాగ్రత్త సగమే అవుతుంది.

మెసేజ్ చేరాల్సినచోటికే చేరాలన్న ఈ శ్రద్ధ మరోచోటా కనిపిస్తుంది. కొన్ని యాప్‌ల ఓటీపీ మెసేజ్ చివర అర్థం లేని అక్షరాల గుంపు ఒకటి ఉంటుంది. చాలామంది అది పొరపాటున వచ్చిందనుకుంటారు. అవి 11 అక్షరాలు, యాప్ పేరు, సంతకం నుంచి లెక్కగట్టిన గుర్తు. దాన్ని చూసి ఆండ్రాయిడ్ ఆ మెసేజ్‌ను ఆ ఒక్క యాప్‌కే అందిస్తుంది. మిగతా మెసేజ్‌లన్నీ చదివే అనుమతి ఆ యాప్ అడగాల్సిన పనిలేదు. 140 బైట్ల ఇరుకులో 11 అక్షరాలు ఖర్చుపెట్టి మిగతా మెసేజ్‌ల గుట్టు కాపాడారు.

ఇంత మంచి పనిలోనూ ఒక లోటుంది, చెప్పి తీరాలి. యాపిల్‌లో మూడు దారుల స్విచ్‌లు మూడుచోట్ల ఉన్నాయి. నా మెసేజ్‌లు ఇప్పుడు ఏయే తెరలమీద కనిపిస్తున్నాయి అన్న ఒక్క ప్రశ్నకు ఒకేచోట జవాబు దొరకదు. ఇంట్లో ఖాతా పంచుకునే అలవాటున్న మన కుటుంబాలకు ఆ ఒక్క పేజీ ఎంతో మేలు చేస్తుంది. అది వచ్చేదాకా, పిల్లలకు వారి వయసుకు తగ్గ సొంత ఖాతా తెరిచి కుటుంబ ఖాతాల ఏర్పాటులో చేర్చడమే మేలైన మార్గం. అప్పుడు మూడు దారులూ మొదట్లోనే వేరవుతాయి. అమ్మేసిన, పోయిన ట్యాబ్ పేరు ఖాతా జాబితాలో ఉంటే ఫోన్ నుంచే తీసేయాలి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం తెరుచుకున్నప్పటి నుంచి మాదాపూర్, నానక్‌రామ్‌గూడల మధ్య దారి పొడవునా లోకమంతా వాడే సాఫ్ట్‌వేర్ తయారవుతోంది. ఇక్కడ పనిచేసే యువ ఇంజనీర్లు రోజూ ఏదో ఒకదాన్ని మరొకదానితో కలుపుతుంటారు. అలా కలిపే ప్రతి చోటా ఈ స్విచ్ అడిగే మూడు ప్రశ్నలు వారూ వేసుకోవాలి. ఆపే అధికారం అసలు యజమాని చేతిలోనే ఉందా? ఆయన ఒకరికి ఆపి మరొకరికి ఇవ్వగలడా? ఆపమన్నాక ఆ ప్రతి అసలు తయారవడమే మానేస్తుందా? మూడింటికీ అవునని జవాబు చెప్పగలిగిన పనే మనిషి నమ్మకానికి తగిన పని.