బొమ్మ చేసేది మనం చేయలేమా?

రోబో అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 2010లో వచ్చిన రజనీకాంత్ సినిమాలోని చిట్టి. పాడుతుంది, పోట్లాడుతుంది, చివరికి ప్రేమలో కూడా పడుతుంది. నేను చెప్పబోయే కాస్పర్‌కు ఇవేవీ రావు.

ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో కాస్పర్‌ను తయారుచేశారు. ఆటిజం ఉన్న పిల్లలు దానితో ఆడుకుంటారు. చిన్న పిల్లవాడంత ఉంటుంది, కూర్చున్నచోటి నుంచి లేవదు. చక్కిలిగింత పెడితే నవ్వుతుంది. గట్టిగా కొడితే నొప్పి అని చెప్పి ముఖం చేతులతో కప్పుకుంటుంది. ఎన్నిసార్లు చేసినా అదే విధంగా చేస్తుంది. మనుషులు అలా కాదు. కన్ను, కనుబొమ, గొంతు, చెయ్యి అన్నీ ఒకేసారి కదులుతాయి. వాటిలో దేన్ని చూడాలో తెలియక ఈ పిల్లల్లో చాలామంది తికమకపడతారు. కాస్పర్ తొందరపెట్టదు, విసుక్కోదు.

ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. అయితే "ఇక టీచర్లు అక్కర్లేదు, రోబో చాలు" అంటే నేను ఒప్పుకోను. కాస్పర్‌తో ఆడేటప్పుడు పక్కన ఒక పెద్దవాళ్లు ఉంటారు. బొమ్మ నవ్వితే ఆ సంతోషం చెప్పుకోవడానికి బిడ్డ వాళ్లవైపు తిరగాలి. అసలు పాఠం అదే. 2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ప్రచురించిన పరిశోధనలో 12 మంది పిల్లల ఇళ్లలో నెలరోజులు రోబోను ఉంచి, రోజూ అరగంట ఆడించారు. అక్కడా ఇంటి పెద్దలు పక్కన కూర్చొని ఆడారు.

ఇంకో లోటు భాష. కోవిల్‌పట్టిలో మా చిన్నమ్మ కొడుక్కి ఏడేళ్లు, ఆటిజం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. "ఇన్ని భాషలు వద్దు, ఇంగ్లీషొకటే మాట్లాడండి" అని ఎవరో చెప్పారు. ఇంగ్లీషు రాని మా అవ్వ ఆ రోజు నుంచి వాడితో మాట్లాడటమే మానేసింది. రెండు భాషలు వినడంవల్ల ఈ పిల్లలకు మాట ఇంకా ఆలస్యమవుతుందని పరిశోధనల్లో తేలలేదు. అవ్వ మాట పోగొట్టి రోబో మాట తెస్తే ఏం లాభం?

పోయిన సెలవుల్లో విరుదునగర్ నుంచి వాళ్లింటికి వెళ్లినప్పుడు కాస్పర్ లాగే చేసి చూశాను. "కడలై మిఠాయి కావాలా?" అని తెలుగులో ఒక్కసారే అడిగి ఊరుకున్నాను. ఇదివరకైతే నాలుగుసార్లు అడిగి, పలక్కపోతే వెళ్లిపోయేవాణ్ని. చాలాసేపటికి వాడు నా చెయ్యి పట్టుకొని డబ్బా మీద పెట్టాడు. అది చూసి అవ్వ, "ఇంకోటి కావాలా నాయనా?" అని అడిగింది. ఎన్నో నెలల తర్వాత వాడితో ఆమె మాట్లాడింది.

మన ఊళ్లకు కాస్పర్ వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. మీ ఇంట్లో, వీధిలో, తరగతిలో ఇలాంటి తమ్ముడో చెల్లెలో ఉంటే ఒక్కసారి అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.