సంశ్లేషణకు కొలబద్ద ఏది? ఎ. వి. రామారావుగారి పరిశోధనపై ఒక సమీక్ష

బోధన్ ప్రాంతపు చెరకు రైతుకు రికవరీ అన్న మాట బాగా తెలుసును. నూరు టన్నుల చెరకు మిల్లులో పడితే ఎన్ని టన్నుల చక్కెర బస్తాలకెక్కినది అన్నదే దాని అర్థం. పది వచ్చినవంటే పంటా మంచిది, మిల్లూ మంచిది. ఎనిమిదే వచ్చినవంటే ఎక్కడో లోపమున్నట్లు లెక్క. మిల్లు ఎంత పెద్దదో, దాని యంత్రాలు ఏ దేశంలో తయారైనవో రైతు అడగడు; చివరకు చేతికి వచ్చినదెంత అని అడుగుతాడు.

శాస్త్రజ్ఞులను గురించి వ్రాసేటప్పుడు మనం ఇంత వివేకం చూపడం లేదు. పుట్టిన ఊరు, చదివిన కళాశాల, పొందిన పట్టాలు, అందుకొన్న పురస్కారాలు - వీటితో వ్యాసం నిండిపోతుంది. ఆ మనిషి ప్రయోగశాలలో నిలబడి ఏమి చేసినాడు, అది ఎందుకు కష్టం, ఎంతవరకు సాధించినాడు అన్న ప్రశ్నలకు చోటే మిగలదు. కర్బన రసాయనవేత్తల విషయంలో ఈ లోపం మరీ ఎక్కువ. ఆంధ్రదేశంలో పుట్టి హైదరాబాదులో పేరు పొందిన ఆళ్ళ వెంకట రామారావుగారి కృషిని బోధన్ రైతు కొలబద్దతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా సంశ్లేషణ అంటే ఏమిటో చూతము. సులభంగా దొరికే చిన్న అణువుల నుండి, మెట్టుమెట్టుగా రసాయన చర్యలు జరుపుతూ, కావలసిన పెద్ద అణువును కట్టడమే సంశ్లేషణ. పాఠ్యపుస్తకంలో ప్రతి మెట్టునూ ఒక బాణం గుర్తుతో చూపుతారు. ఎడమవైపు ఒక పదార్థం, కుడివైపు మరొకటి. ఆ బాణం చాలా సంగతులను దాచివేస్తుంది. ఎంతసేపు కాచినారు, ఏ ద్రావణిలో కరిగించినారు, ఎంత పదార్థం జిగురుగా మారి పారవేయబడినది, మిగిలినదానిని ఎట్లు శుద్ధి చేసినారు అన్నవేవీ అందులో కనబడవు. ముఖ్యంగా, ఎంత పోసి ఎంత రాబట్టినారో కనబడదు.

ఈ చివరి లెక్కనే రసాయనవేత్త ఫలితశాతం అంటాడు. మిల్లు రికవరీకీ దీనికీ చిన్న తేడా ఉన్నది. మిల్లు మొత్తం చెరకు బరువు మీద లెక్క కడుతుంది. రసాయనవేత్త సిద్ధాంతరీత్యా రాదగినదెంతో దాని మీద లెక్క కడతాడు. నూరు పాళ్ల చెరకులో పన్నెండు పాళ్ల చక్కెర ఉండి, పది పాళ్లు చేతికి వచ్చినవనుకొందాము. మిల్లు లెక్కలో రికవరీ 10. రసాయనవేత్త లెక్కలో ఫలితం నూటికి 83.

నూటికి 80 అంటే మంచి ఫలితమే. గాని ఒక మెట్టుతో పని ముగియదు. ప్రతి మెట్టులోనూ నూటికి 80 వచ్చినా, పది మెట్లు ఎక్కేసరికి నూటికి 11 కంటె తక్కువే మిగులుతుంది. ఇరవై మెట్లయితే మిగిలేది ఒకటికి కొంచెం పైన! అదే అణువును రెండు సగాలుగా ఊహించి, ఒక్కొక్క సగాన్ని విడివిడిగా పది మెట్లలో తయారుచేసి, చివర ఒక్క మెట్టులో రెండింటినీ జోడిస్తే నూటికి 8 నుండి 9 వరకు దక్కుతుంది. మొత్తం మెట్ల సంఖ్య తగ్గలేదు, అయినా ఫలితం ఏడెనిమిది రెట్లయినది. దారి వేయడంలోని నేర్పు ఇట్టిది. విద్యార్థులు ఈ గుణకారాన్ని స్వయంగా చేసి చూడవలెను.

మన చక్కెర కథ కూడ ఇదే చెబుతుంది. ఒక చక్కెర అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. గ్లూకోజు, ఫ్రక్టోజు అనే రెండు చిన్న చక్కెరల కలయిక అది. చెరకు మొక్క దానిని ఎండలో నిలబడి చేసుకొంటుంది. రసాయనవేత్తలు మాత్రం చాలకాలం ఓడిపోయినారు. 1953లో కెనడాలోని సాస్కటూన్ నగరంలో రేమండ్ లెమ్యూ, జార్జ్ హ్యూబర్ అనువారు ఆ రెండు ముక్కలను సరియైన దిశలో అతికించగలిగినారు. ఆ కలయికలో వచ్చిన ఫలితం నూటికి ఆరైనా లేదు. వ్యాపారానికి అది పనికిరాదు, అయినా జ్ఞానానికి అది గొప్ప విజయం. ఏ సంశ్లేషణనైనా అంచనా కట్టేటప్పుడు ఈ రెండు ప్రయోజనాలను వేరుగా చూడవలెనని ఈ ఉదాహరణ చెబుతున్నది.

ఇక రామారావుగారి విషయం. వీరు 1935లో గుంటూరులో జన్మించినారు. అక్కడ పట్టా చదువు ముగించి, బొంబాయిలోని రసాయన సాంకేతిక విభాగంలో చేరినారు. తరువాత పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో కె. వెంకటరామన్‌గారి వద్ద పరిశోధన చేసినారు. వెంకటరామన్‌గారు రంగుల రసాయనంలో ప్రపంచ ప్రసిద్ధులు. ఆ ప్రయోగశాలకు మొదటి భారతీయ అధిపతి. గురువు రంగులవాడు గనుక శిష్యునికి దక్కిన పనీ రంగులదే. లక్కలోని ఎర్రని రంగు పదార్థాల నిర్మాణం, పనస మున్నగు చెట్లలోని పసుపు పదార్థాల నిర్మాణం ఆ కాలంలో తేల్చిన విషయాలు.

ఈ దశను చాలమంది ఒక్క వాక్యంతో దాటివేస్తారు. అది సరికాదు. లక్కలోని లక్కాయిక్ ఆమ్లాలు ఆంథ్రాక్వినోన్ అనే మూడు వలయాల చట్రం మీద కట్టబడినవి. చాల ఏళ్ల తరువాత రామారావుగారి బృందం మైటోక్సాంట్రోన్ అనే క్యాన్సరు మందుకు తయారీ పద్ధతిని రూపొందించినది. నీలి రంగు గల ఈ మందు చట్రం కూడ ఆ మూడు వలయాలదే. అద్దకపు రంగుల అణువుతో పరిచయమున్న చేతికి ఈ మందు అణువు కొత్తది కాదు. పనికిరానిదిగా కనిపించే మౌలిక పరిశోధన ఎప్పుడు ఎట్లు అక్కరకు వస్తుందో ముందుగా చెప్పలేమనడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

1970ల నడుమ వీరు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఇ. జె. కోరీ వద్ద పనిచేసినారు. కోరీకి 1990లో నోబెల్ బహుమతి వచ్చినది. ఆయన నేర్పిన పద్ధతి వెనుక నుండి ముందుకు ఆలోచించడం. కావలసిన అణువును కాగితం మీద పెట్టి, దానిని ఎక్కడ విరిస్తే సులభమైన రెండు ముక్కలు వస్తాయో చూడడం; ఆ ముక్కలను మళ్లీ విరవడం; చివరకు బజారులో దొరికే పదార్థం వచ్చేవరకు ఇట్లే సాగడం. బోధన్ పిల్లవానికి ఇది తేలికగా బోధపడుతుంది. బస్తాలోని చక్కెర నుండి బయలుదేరి, పలుకు, పాకం, రసం, చెరకు అని వెనక్కి నడిచినట్లే ఇది.

1985లో రామారావుగారు హైదరాబాదు ప్రాంతీయ పరిశోధనాశాలకు అధిపతి అయినారు. 1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగా మొదలై, 1956లో కేంద్ర పరిశోధనా మండలిలో చేరిన సంస్థ అది. 1989లో దానికి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పేరు మారినది. 1995 వరకు వీరు అక్కడ ఉన్నారు. ఈ పదేళ్ల పనిలో చక్కెరల పాత్ర పెద్దది.

ఎందుకనగా గ్లూకోజు అణువు గొలుసులో నాలుగు అసౌష్ఠవ కార్బన్లు ఉన్నవి. ఒక్కొక్క దానిచుట్టూ పరమాణువులు కుడి చేయి, ఎడమ చేయి వలె రెండు విధాల అమరవచ్చును. ఆ లెక్కన 16 రూపాలు సాధ్యం. ప్రకృతి వానిలో ఒక్క రూపాన్నే కచ్చితంగా, చవకగా, టన్నులకొద్దీ ఇస్తున్నది. మందు అణువులకు ఈ కుడి ఎడమల తేడా ప్రాణం వంటిది. ఆ అమరికను ప్రయోగశాలలో కొత్తగా సృష్టించడం కంటె, చక్కెరలో ఉన్నదానిని వాడుకోవడం తెలివైన పని. శరీరంలో వాపుతో సంబంధమున్న ల్యూకోట్రయీన్ల జాతి పదార్థాలకు వీరి బృందం గ్లూకోజు నుండే దారి వేసినది. తీయదనానికి తప్ప మరి దేనికీ పనికిరాదనుకొన్న పదార్థం ఇక్కడ పునాదిరాయి అయినది.

ఎయిడ్స్ మందు జిడోవుడిన్ కథ మరింత ముఖ్యమైనది. దీనిని 1964లోనే జెరోమ్ హార్విట్జ్ అనే అమెరికను రసాయనవేత్త క్యాన్సరు కోసం తయారుచేసినాడు. అది పనిచేయక మూలపడినది. 1987లో ఎయిడ్స్‌కు మొదటి మందుగా అమెరికాలో అనుమతి పొందినది. ఏడాది వైద్యానికి పది వేల డాలర్ల వరకు ఖర్చయ్యేది. మన దేశపు రోగికి అది అందని ద్రాక్ష. దీని తయారీకి మూలపదార్థం థైమిడిన్. అందులోనూ ఒక చక్కెర ముక్క ఉన్నది. అది ఖరీదైనది. రామారావుగారి సంస్థ రూపొందించిన పద్ధతితో సిప్లా కంపెనీ 1993లో ఈ మందును చాల తక్కువ ధరకు విడుదల చేసినది. థైమిడిన్‌కే మరొక కొత్త దారిని రామారావు, గుర్జార్ మొదలైనవారు 1994లో ప్రకటించినారు.

ఇక్కడ విమర్శకుడు ఒక ప్రశ్న వేయవలసి ఉన్నది. జిడోవుడిన్, మైటోక్సాంట్రోన్, ఎటోపోసైడ్ - ఇవన్నీ ఇతరులు కనిపెట్టిన మందులు. ఉన్న మందుకు కొత్త దారి వేయడం గొప్పతనమా? దీనికి జవాబు రసాయనంలో సగం, చట్టంలో సగం ఉన్నది. 1970 నాటి మన పేటెంటు చట్టం మందు పదార్థానికి హక్కు ఇవ్వలేదు. తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చినది. వేరొక పద్ధతిలో అదే మందును చేసుకొనే వీలు 2005 వరకు ఉండినది. అట్టి కాలంలో కొత్త దారి వేసినవాడు రోగికి, మందుకు నడుమ ఉన్న గోడలో తలుపు తెరచినవాడే. పైగా పది మెట్లను ఆరుకు తగ్గించడం, ప్రమాదకరమైన కారకాన్ని తప్పించడం కొత్త అణువును ఊహించడం కంటె తేలికైన పని కాదు.

అయినా ప్రశంసతో ఆగరాదు. సాధారణ మందులకు లొంగని సూక్ష్మజీవులపై వాడే వాంకోమైసిన్ అనే జటిలమైన అణువు కోసం వీరి బృందం ఏళ్ల తరబడి శ్రమించినది. అందులోని భాగాలను కట్టే పద్ధతులను సాధించినది, 1995లో ఆ రంగం మీద విస్తృతమైన సమీక్షను ప్రచురించినది. గాని చక్కెర భాగాలను మినహాయించిన దాని ప్రధాన శరీరాన్ని 1998లో పూర్తి చేసినవి అమెరికాలోని ఎవాన్స్, నికొలావ్ బృందాలు. అదీగాక, తెలిసిన మందులకు దారులు వేయడంలో ఆరితేరిన మన ప్రయోగశాలల నుండి ప్రపంచం వాడే కొత్త మందులు బహు తక్కువగా వచ్చినవి. 2005 తరువాత పాత వీలు తగ్గిపోయినది. దారి వేసే నేర్పును అణువును కనిపెట్టే నేర్పుగా మార్చుకోవడం తరువాతి తరానికి మిగిలిన పని. రామారావుగారి కాలపు బలమే ఆ కాలపు పరిమితి కూడ.

మరొక మాట. ఇట్టి పని ఒక్కరి చేతిమీద జరగదు. ఒక మెట్టు కుదరడానికి ముందు పలుమార్లు విఫలమైన ప్రయోగాలను నోటుపుస్తకంలో నమోదు చేసిన పరిశోధక విద్యార్థులు ఉంటారు. వారి ఓర్పు కూడ ఆ ఫలితశాతంలో భాగమే. నాయకుని పేరు చెప్పేటప్పుడు ఈ సంగతి మరువరాదు.

బోధన్‌కు మరల వత్తాము. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగరు నీటితో మంజీర లోయలో చెరకు పెరిగినది. ఆ దశాబ్దంలోనే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందినది. 2015 చివర దాని గానుగ ఆగినది. ఆ ఆగడానికి కారణాలు రసాయనశాస్త్రంలో వెదకితే దొరకవు. గాని ఒక పాఠమున్నది. ముడిపదార్థం దగ్గర ఉన్నంత మాత్రాన పరిశ్రమ నిలవదు. చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెడితే ఆల్కహాలు, దాని నుండి ఎసిటిక్ ఆమ్లం, ఇథైల్ ఎసిటేటు - ఇట్లు ఒక్కొక్క మెట్టుకు విలువ పెరుగుతుంది. ఆ మెట్లు ఎక్కగల మనుషులను తయారుచేయడం పాఠశాలలో మొదలవుతుంది.

కనుక ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పటిక కరిగించి స్ఫటికాలు చేయించేటప్పుడు, మొదట ఎంత తూచినారు, చివర ఎంత వచ్చినది, నూటికి ఎంత అని పిల్లల చేత వ్రాయించండి. చక్కెర నీటికి ఫేలింగ్ ద్రావణం కలిపి కాచి చూపండి. ఎర్రని అవక్షేపం రాదు. అదే నీటిని కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కాచి, సోడాతో ఆమ్లాన్ని పోగొట్టి, మళ్లీ పరీక్షించండి, ఎరుపు కనబడుతుంది. చక్కెర రెండుగా విడినదని వారే గ్రహిస్తారు. విడగొట్టడం ఇంత తేలిక, కలపడం ఎందుకంత కష్టమైనదని అడిగే పిల్లవాడు ఒక్కడున్నా, ఆ తరగతిలో సంశ్లేషణ పాఠం మొదలైనట్లే.