పటముపై చుక్క: దాని విలువ యెంత?

2021 జూలైలో సుద్దవాగు పొంగి భైంసా పట్టణములోని లోతట్టు ప్రాంతములు జలమయమైనవి. అట్టి సమయమున సహాయమునకు బయలుదేరిన పడవ ఎక్కడ నున్నదో వెంటనే తెలియవలయును. టెలిఫోను మూగవోయినచో ఎవరి నడుగుట? అమెచ్యూరు రేడియో వారి ఏ.పి.ఆర్.ఎస్. పద్ధతి ఇందుకు తగినదని తరచుగా చెప్పుదురు. ఆ మాట ఎంతవరకు నిజమో పరిశీలింతము.

అమెరికా నౌకాదళ విద్యాలయమున పనిచేసిన బాబ్ బ్రునింగా 1980 దశకమున దీనికి పునాది వేసెను. జి.పి.ఎస్. సాధనము కనుగొనిన అక్షాంశ రేఖాంశములను స్టేషను పేరుతో చేర్చి చిన్న పొట్లముగా కట్టుదురు. ఇదియే పాకెట్. అది 1200, 2200 హెర్ట్జుల రెండు స్వరముల రూపమున రేడియోలో వెలువడును. మధ్యనున్న పునఃప్రసార కేంద్రము దానిని విని మరల పలుకును. వినిన వారందరి పటముపైన ఒక చుక్క కనబడును.

ఒక్కడు పలికిన అందరు విందురు. ఇది దీని గొప్ప సుగుణము. మన ఊరి దండోరా వంటిది. కాని దండోరా వేయువాడు ఎవరు వినిరో అడుగడు. స్థానమును తెలుపు పాకెట్ కూడ అంతే. అందినదని బదులు రాదు. చుక్క కదలనిచో పడవ ఆగినదా, పాకెట్ పోయినదా యని పటము చెప్పజాలదు.

రెండవ లోపము ఇరుకు. సెకనుకు 1200 బిట్ల వేగమున 100 అక్షరములకు, అనగా 800 బిట్లకు, సెకనులో మూడింట రెండు వంతులు పట్టును. ఆరంభపు జాప్యము కలిపిన ఇంచుమించు ఒక సెకను. 30 వాహనములు నిమిషమున కొకసారి పలికి, కేంద్రము ప్రతి పాకెట్ నొకసారి తిరిగి పలికినచో 60 సెకనులును నిండిపోవును. ఒకరి మాట ఒకరికి వినబడని వాహనములు ఒకేసారి పలికిన రెండును చెడును. అందుచేత అందరు మాటిమాటికి పలుకుట సేవ గాదు, అపకారము.

మూడవది దూరము. చదును నేలపై ఈ తరంగములు కిలోమీటర్లలో సుమారు 4.1 × (√ఎ + √ప) దూరము పోవును. ఎ, ప అనునవి రెండు ఏరియళ్ల ఎత్తులు, మీటర్లలో. బడి మేడపై 16 మీటర్లు, పడవలో 1 మీటరు అనుకొనుడు: 20.5 కిలోమీటర్లు. నిర్మల్ సుమారు 40 కిలోమీటర్లు గలదు. అక్కడ 16 మీటర్ల స్తంభమున్నను ఇరుస్తంభముల నడుమ దాటునది 33 కిలోమీటర్లే. నడుమ నొక కేంద్రము లేనిదే పని జరుగదు. ఆ లోటును ఇంటర్నెట్ ద్వారముతో పూడ్చి, ప్రపంచ పటముపై చుక్కను చూచి మురియుట కలదు. వరదలో ముందు తెగునది ఆ దారమే కావచ్చును!

మన వారికి అనుభవము లేకపోలేదు. 1983లో హైదరాబాదున జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ వెలసినది. 2004 డిసెంబరు సునామీ వేళ పోర్టు బ్లెయిరులో నుండిన ఆ సంస్థ బృందము వార్తలు చేరవేసినది. 2005 మే 5న శ్రీహరికోటనుండి హామ్‌శాట్ అను ఉపగ్రహము ఈ అభిరుచి వారికొరకే ఎగిరినది. సునామీనాడు అక్కరకు వచ్చినది పటము కాదు, శిక్షణ పొందిన మనుష్యులు.

కావున ఈ పద్ధతి నిరర్థకమని మేమనుట లేదు. బ్రునింగా సైతము ఇది కేవలము వాహనముల జాడ తీయుటకు గాదని, స్థానిక సమాచారము పంచుకొనుటకని పలుమార్లు చెప్పియుండెను. చుక్కతోపాటు “ఇచ్చట వంతెన మునిగినది” అను మాట వెళ్లినపుడే దానికి ప్రయోజనము.

ఉపాధ్యాయులు పై సూత్రముతో తమ ఊరి చుట్టు వృత్తము గీయించి, కేంద్రములు ఎక్కడెక్కడ కావలయునో విద్యార్థులచే లెక్కింపజేయవచ్చును. ప్రసారమునకు మాత్రము పరీక్ష నెగ్గి ప్రభుత్వ లైసెన్సు పొందవలయును. లైసెన్సు గలవారు వానకాలమునకు ముందే ఒకనాడు ఇంటర్నెట్ ఆపి పరీక్షింతురుగాక. ఆనాడు నిలిచిన చుక్కనే వరదనాడు నమ్మవచ్చును.