లోపించని కర్త: ఇండోనేషియన్, జావనీస్ సంభాషణల్లో వ్యాకరణం, నిర్దేశం

జావా ద్వీపంలో పరిచయస్థుల మధ్య తరచుగా వినిపించే పలకరింపు ‘విస్ మఙన్?’. ‘విస్’ పని ముగిసిందని తెలిపే పదం. ‘మఙన్’ అంటే తినడం. జవాబుగా ‘విస్’ అన్న ఒక్క మాట చాలు. ఇండోనేషియన్ భాషలోనూ ‘సుదా మకన్?’ అని అడిగితే ‘సుదా’ అనే బదులు వస్తుంది. తిన్నదెవరో, ఏం తిన్నారో ఈ మాటల్లో లేదు. క్రియకు పురుష, వచన ప్రత్యయాలు కూడా లేవు. ఇటువంటి చోట కర్త లోపించిందని, దానిని అధ్యాహారం చేసుకోవాలని చెప్పడం సంప్రదాయ వ్యాకరణానికి అలవాటు. అయితే లోపించిందనడానికి ముందు ఆ స్థానం ఉండి తీరాలి. ఈ రెండు భాషల నిత్యవ్యవహారంలో అటువంటి స్థానం నిజంగా ఉన్నదా అన్నది విచారించవలసిన విషయం.

ఈ విచారణకు గట్టి ఆధారం మైకేల్ యూయింగ్ 2005లో వెలువరించిన ‘గ్రామర్ అండ్ ఇన్‌ఫరెన్స్ ఇన్ కాన్వర్సేషన్’. పశ్చిమ జావా ఉత్తర తీరంలోని చిరెబోన్ ప్రాంతపు జావనీస్ సంభాషణలు ఆ గ్రంథానికి ఆకరాలు. శ్రోత ఉపవాక్యాన్ని గుర్తించడంలో వ్యాకరణ చిహ్నాలకు ఎంత పాత్ర ఉన్నదో, అనుమానానికి ఎంత పాత్ర ఉన్నదో అందులో పరిశీలించారు. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు. పొగను చూసి నిప్పును తెలుసుకొనే ప్రమాణం. ఇండోనేషియా పాఠశాలల్లో వాక్యాన్ని కర్త, విధేయం, కర్మ, విశేషణాంశం అన్న వరుసలో బోధిస్తారు. 1988లో తొలిసారి వెలువడిన ప్రామాణిక వ్యాకరణమూ లిఖితభాషా మర్యాదకే ప్రాధాన్యమిచ్చింది. ఆ చట్రాన్ని ఇంటి మాటలపై మోపితే సగం వాక్యాలు అసంపూర్ణాలుగా కనిపిస్తాయి. కానీ మాట్లాడేవారికి అక్కడ ఏ లోటూ తెలియదు. యూయింగ్ గ్రంథం విలువ ఈ అంతరాన్ని సంభాషణల ఆధారంగానే చూపడంలో ఉంది.

తెలుగు పాఠకుడికి ఈ వాదం మొదట సులభంగానే కనిపిస్తుంది. ‘వచ్చాను’ అన్నప్పుడు ‘నేను’ అక్కరలేదు కదా అనిపిస్తుంది. ఈ పోలిక పొరపాటుకు దారితీస్తుంది. ‘వచ్చాను’లో కర్త ‘ను’ ప్రత్యయంలో ఉన్నాడు. జావనీస్ క్రియలో అటువంటి జాడ లేదు. సరైన పోలిక ‘రాలేదు’ అన్న రూపం. నేను, నువ్వు, వాడు, ఆమె, వాళ్ళు అందరికీ అదే రూపం. ‘రాలేదు’ విన్న శ్రోత ప్రత్యయాన్ని ఆశ్రయించలేడు; అప్పటిదాకా ఎవరి ప్రసక్తి నడిచిందో దానినే ఆశ్రయిస్తాడు. తెలుగులో కొన్ని రూపాలకు పరిమితమైన ఈ స్థితి జావనీస్‌లో సర్వసాధారణం.

జావనీస్‌లో ప్రత్యయం లేకపోయినా నిర్దేశానికి మరొక ఆధారం ఉంది. అది మర్యాద భేదం. తినడానికి చనువు భాషలో ‘మఙన్’, మర్యాద భాషలో ‘నెడ’, గౌరవనీయుల విషయంలో ‘డహర్’ వాడతారు. వక్త తన భోజనాన్ని ‘డహర్’ అనకూడదు. కనుక ‘సంపున్ డహర్’ అన్న రెండు మాటల్లో సర్వనామం లేకపోయినా తిన్నది వక్త కాదని తేలిపోతుంది. తిన్నది ఎదుటనున్న తండ్రి కావచ్చు, అక్కడ లేని తాత కావచ్చు. ఆ నిర్ణయం మళ్ళీ సందర్భానిదే. అంటే ‘డహర్’ సూచించేది పురుషభేదాన్ని కాదు, సామాజిక దూరాన్ని. ఆ దూరం నుంచి వ్యక్తిని ఊహించుకోవడం శ్రోత పని. 1960లో క్లిఫర్డ్ గీర్ట్జ్ ‘ది రిలిజియన్ ఆఫ్ జావా’లో ఈ భేదాలను ప్రధానంగా మర్యాదా వ్యవస్థలో భాగంగా వివరించారు. యూయింగ్ గ్రంథం దృష్టి ఉపవాక్య నిర్మాణంపై ఉంది. ఈ రెండింటినీ కలిపి చదవనిదే జావనీస్ నిర్దేశం పూర్తిగా బోధపడదు. మర్యాద పదాలను వ్యాకరణం వెలుపల ఉంచితే నిర్దేశంలో ఒక ముఖ్యమైన సాధనాన్ని వదులుకున్నట్లే.

ఇండోనేషియన్‌లో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ ‘ఇబు’ అంటే తల్లి, పెద్దావిడ, ఉపాధ్యాయిని. ‘ఇబు పులాఙ్ దులు’ అని ఆమె తానే అంటే ‘నేను ఇక ఇంటికి వెళ్తాను’ అని అర్థం. ఆమెను గురించి ఇతరులు చెప్పుకున్నా మాట మారదు. ఆమెనే సంబోధించినప్పుడూ అదే ‘ఇబు’. తెలుగు తల్లి ‘అమ్మ కొడుతుంది చూడు’ అన్నప్పుడు క్రియ ప్రథమపురుషలో ఉండి, ఆమె తనను తాను మూడో వ్యక్తిగా చెప్పుకుంటున్నదని వెల్లడిస్తుంది. ఇండోనేషియన్ క్రియ ఆ రహస్యం చెప్పదు.

‘న్య’ ప్రత్యయం మరింత ఆసక్తికరం. పాఠ్యపుస్తకాల్లో ‘బుకున్య’ అంటే అతని పుస్తకం. మోటార్‌సైకిల్ గురించి మాట్లాడుతూ ‘బన్‌న్య కెంపెస్’ అంటే ఆ బండి టైరులో గాలి పోయిందని. ఇక్కడ ‘అతడు’ ఎవరూ లేరు. ‘కతన్య’ అంటే మాటకు మాటగా ‘అతని మాట’. వాడుకలో మాత్రం తెలుగు ‘అట’కు దగ్గర. ‘వస్తారట’ అన్నప్పుడు ఎవరన్నారని ప్రతిసారీ వెతకనట్లే, ‘కతన్య’లోనూ ఆ చెప్పినవారిని వెతకనక్కరలేదు. 2003లో రాబర్ట్ ఇంగిల్‌బ్రెట్సన్ ఈ ‘న్య’ రూపాలను వాస్తవ సంభాషణల ఆధారంగా చర్చించారు.

ఇటువంటి పరిశోధనలన్నింటికీ ఒక పద్ధతిపరమైన చిక్కు ఉంది. మూలవాక్యం కింద ఆంగ్లానువాదం రాయాలి. ఆంగ్లం కర్తను అడుగుతుంది. మూలంలో లేని సర్వనామం అనువాదంలో చేరి, తరువాత విశ్లేషణలో ‘లోపించిన కర్త’గా తిరిగి రావచ్చు. తెలుగు అనువాదమూ ఇందుకు అతీతం కాదు. ‘సుదా దతాఙ్’ అన్న మాటకు వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాను అన్న రూపాల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ‘బెలుం దతాఙ్’కు ఆ ఇబ్బంది లేదు. ‘ఇంకా రాలేదు’ అంటే మూలం ఎంత చెప్పిందో అంతే చెప్పినట్లవుతుంది.