వేడి చేసింది!

మొన్న మంగళవారం మందుల షాపులో నా ముందు ఒకామె ఉంది. యాభై దాటి ఉంటాయి. కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది: "తమ్మీ, మళ్ల వేడి చేసింది. మొన్నటి గోలీలే నాలుగియ్యి." అబ్బాయి ఒక్క మాట అడగకుండా స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చాడు. యాంటీబయాటిక్! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ 'వేడి' మీద నా కోపం మీకు కొత్త కాదు. నోరు పూస్తే వేడి, కంటికి కురుపు లేస్తే వేడి, మూత్రంలో మంట పుడితే వేడి. రోగానికి పేరు లేకుండా చేసే మాట అని ఎన్నిసార్లు రాశానో! ఆ మంట చాలావరకు ఈ.కోలి అనే బాక్టీరియా పని. పేగుల్లో ఉండాల్సింది మూత్రాశయంలోకి చేరుతుంది. మగవాళ్ళ మూత్రనాళం దాదాపు 20 సెంటీమీటర్లు, మనది 4. దానికి దారి దగ్గర, అంతే. మన శుభ్రతకి మచ్చేమీ కాదు.

ఆమె వెళ్ళి ఎదురుగా బస్టాపులో కూర్చుంది. నాకు అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ నల్గొండ జిల్లాలో టీచరు. ఆ బడిలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. పొద్దున ఎనిమిదింటి బస్సెక్కితే సాయంత్రం ఇల్లు చేరేదాకా చుక్క నీళ్ళు ముట్టేది కాదు. తాగితే ఎక్కడికి వెళ్ళాలి? కొన్ని రాత్రులు బాత్రూములోంచి పెదవి బిగబట్టి వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడేది. రెండు నిమిషాలకి మళ్ళీ లోపలికి. నాన్నతో ఒకటే మాట: "వేడి చేసింది." నాన్న సైకిలు తీసి బార్లీ గింజలు తెచ్చేవాడు. ఉడికించి, వడగట్టి, ఉప్పేసుకుని స్టీలు చెంబుతో రాత్రంతా తాగేది. ఆ చెంబులో పనిచేసింది నీళ్ళేనని నా నమ్మకం. తరచూ ఈ బాధ పడుతూ నీళ్ళు తక్కువ తాగే 140 మంది ఆడవాళ్ళ మీద జరిపిన పరిశోధన 2018లో వచ్చింది. రోజూ మరో 1.5 లీటర్లు తాగినవాళ్ళకి ఏడాదిలో ఈ బెడద దాదాపు సగానికి తగ్గింది.

ముట్లుడిగాక అమ్మకి నీళ్ళు చాల్లేదు. మంట తగ్గగానే మాత్రలు ఆపేది, మిగిలినవి దాచి మళ్ళీ వేసుకునేది. పోపుల డబ్బా పక్కన సీసాలో సగం స్ట్రిప్పులు పోగుపడ్డాయి. చివరికి ఒక డాక్టరమ్మ మందు రాయకముందే మూత్రం కల్చర్‌కి పంపింది. పాత మాత్రలకి ఆ క్రిములు లొంగడం లేదని తేలింది. ఈస్ట్రోజెన్ తగ్గి యోని లోపలి పొర పల్చబడిందని, కాపలా కాసే మంచి బాక్టీరియా తగ్గిందని చెప్పి, అక్కడ రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము ఇచ్చింది. అంతకన్నా ముందు ఆవిడ అడిగింది, "ఎన్నాళ్ళకోసారి వస్తోందమ్మా?" అని. అమ్మ అక్కడే ఏడ్చేసింది. ఇరవై ఏళ్ళలో ఆ మాట నాన్న అడగలేదు. నేనూ అడగలేదు.

రోడ్డు దాటి బస్టాపుకి వెళ్ళాను.

"వేడి ఎన్నోసారి చేసిందక్కా?"

నా వైపు చూసి, పక్కనున్న సంచి ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది. "సంక్రాంతి బోయినంక ఇది మూడోసారి చెల్లే."

పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆరు నెలల్లో రెండుసార్లు, లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే కల్చర్ చేయించాలని, మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలని, షుగరు కూడా చూపించుకోవాలని చెప్పాను. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే అది వేరే జబ్బు, ఈ గోలీలతో ఇంకా పెరగొచ్చు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

'మూత్రనాళ ఇన్ఫెక్షన్' అని మొదలుపెట్టి ఉంటే ఆమె మొహం తిప్పుకునేది. అమ్మకి కూడా నాన్న ముందు నోరు తెరిచి చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే. ఇన్నాళ్ళూ నేను తప్పు మాట మీద వేశాను. తప్పు అది విని ఊరుకున్న మాది.

మీ ఇంట్లో ఎవరైనా 'వేడి చేసింది' అంటే బార్లీ పొయ్యి మీద పెట్టండి. అది ఉడికేలోగా పక్కన కూర్చుని, ఎన్నోసారో అడగండి.