ఈపబ్ విప్పి చూస్తే

సాలూరులో లారీ బాడీ కట్టేవాళ్ల దగ్గరికి ఛాసిస్ కంపెనీ నుంచి వస్తుంది. మోయబోయే సరుకును బట్టి దాని మీద బాడీ లేస్తుంది. కొత్తగా ఈ-రీడర్ కొన్నవాళ్లకు ఈపబ్ పుస్తకం కూడా అలాంటిదే. అందులో ఉండేది ముఖ్యంగా పాఠం, అమరిక సూచనలు. తన తెర కొలత చూసుకుని పేజీ కట్టే పని రీడర్‌ది. పీడీఎఫ్‌లో ఏ అక్షరరూపం ఎక్కడ కూర్చోవాలో ముందే కొలిచి బిగించేసి ఉంటుంది. ఆరంగుళాల తెర మీద ఏ4 పేజీని కళ్లు చికిలించి చదవాల్సి వచ్చేది అందుకే.

తెలుగు వికీసోర్సు నుంచి కన్యాశుల్కాన్ని ఈపబ్‌గా దించుకుని, ఫైలు పేరు చివర 'జిప్' అని మార్చి తెరవండి; ఈపబ్ అసలు జిప్ మూటే. అందులో మొదటిది 'మైమ్‌టైప్' అనే బుల్లి ఫైలు. దానిలో 20 అక్షరాలే ఉంటాయి. దాన్ని కుదించకూడదు, వరుసలో మొదటే ఉంచాలి అని నియమం. జిప్ శీర్షికకు 30 బైట్లు, ఫైలు పేరుకు 8 బైట్లు పోతే, 39వ బైటు నుంచి ఆ 20 అక్షరాలు మొదలవుతాయి. అంటే మూట విప్పకుండానే, ఆ చోటు చూసి, ఇది పుస్తకమని యంత్రం గుర్తుపడుతుంది. ఎంత ముచ్చటైన ఏర్పాటు!

తర్వాత ఒక చిన్న ఫైలు అసలు జాబితా ఎక్కడుందో చెబుతుంది. ఆ జాబితాలో పుస్తకం వివరాలు, ఉన్న ఫైళ్లన్నిటి చిట్టా, చదవాల్సిన వరుస ఉంటాయి. ఈ వరుసకే 'స్పైన్' అని పేరు. అధ్యాయాలు వెబ్ పేజీల్లాంటి ఫైళ్లు, వాటి సోకు వేరే ఫైల్లో.

మన లిపికి అసలు పరీక్ష ఆ అధ్యాయాల్లోనే. 'స్త్రీ' అన్నది ఫైల్లో ఆరు యూనికోడ్ సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఫాంటులోని పట్టికలు చూసి వాటిని ఒక్క గుత్తిగా పేర్చేది రీడరే. అక్షరాలు ఎంత పెద్దవి చేసినా ఒత్తులు తమ చోటు తప్పవు.

పుస్తకాన్ని ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే పనికి కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం. దాని నేర్పు మధ్య మజిలీలో ఉంది. ఏ రూపంలో వచ్చినా ముందు వెబ్ పేజీల రూపమైన హెచ్‌టీఎంఎల్‌గా విప్పి, దాన్నుంచే కిండిల్‌కు సరిపడే ఏజడ్‌డబ్ల్యూ3గానో ఈపబ్‌గానో మళ్లీ కడుతుంది. పది రూపాల నుంచి పది రూపాలకు నూరు దారులు వేసే బదులు, పది విప్పేవి, పది కట్టేవి చాలు.

కాకపోతే విప్పడానికి లోపల తెలుగు ఉండాలి కదా! అను ఫాంట్లతో కంపోజు చేసిన పాత పీడీఎఫ్‌లలో తెలుగు రూపాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి. నేరుగా మారిస్తే అర్థంలేని ఇంగ్లీషు వరసలొస్తాయి. వాటిని ముందు యూనికోడ్‌లోకి తేవాలి. స్కాన్ బొమ్మలైతే అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, ఆ తర్వాత మనిషి కన్ను వేయాలి.

రీడర్‌లో తెలుగు ఫాంటు లేకపోతే గళ్లు కనబడతాయి. అప్పుడు మన విజయనగరం, శ్రీకాకుళం పెద్దల పేర్లతో ఉచితంగా దొరికే 'గురజాడ', 'గిడుగు' ఫాంట్లలో ఒకదాన్ని మార్చేటప్పుడే పుస్తకంలో పొదగమని కాలిబర్‌కు చెప్పవచ్చు. మార్చాక మొదట చూడాల్సింది అట్ట కాదు. 'లక్ష్మి', 'స్త్రీ' లాంటి మాటలున్న పేజీ తీయండి. పొల్లు విడిగా తేలితే ఫాంటు గానీ, రీడర్ గానీ తన పని చేయలేదన్నమాట. ఫైల్లోని పాఠం మాత్రం చెక్కుచెదరకుండానే ఉంటుంది.