హద్దులు గీసే చేయి

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటుకు చోటు చేసే మంచి మెకానిక్ పనిని దగ్గర కూర్చుని చూడాలి. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేస్తాడు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, పూర్తిగా షట్‌డౌన్ చేస్తాడు. ఆ తర్వాతే డిస్కు మీద చెయ్యి వేస్తాడు. సీ డ్రైవ్‌ను చివరి వైపు నుంచే కుదిస్తాడు. మొదటి అంచు కదిపితే లోపలున్న డేటా అంతా జరపాలి, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. కొత్త పార్టిషన్ 512 బైట్ల సెక్టార్ల లెక్కలో 2048 గుణిజం దగ్గర మొదలయ్యేలా చూస్తాడు. ఆ హద్దు సరిగ్గా కుదిరితే ఎస్‌ఎస్‌డీకి అనవసరపు రాతపని తప్పుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఈఎఫ్‌ఐ పార్టిషన్ దగ్గర అతని జాగ్రత్త. కొన్ని వందల ఎంబీల ఫ్యాట్32 ముక్క అది. కంప్యూటర్ ఆన్ కాగానే ఫర్మ్‌వేర్ బూట్ ఫైళ్ల కోసం వెతికేది అక్కడే. ఇద్దరు రైతులకూ నడవడానికి ఒకే గట్టు ఉన్నట్టు, విండోస్‌కో ఫోల్డరు, ఉబుంటుకో ఫోల్డరు అందులోనే ఉంటాయి. తెలియనివాళ్లు ఫార్మాట్ కొట్టేది దీన్నే. అతను మాత్రం ఉన్నదాన్ని ఉన్నట్టే వాడుకుంటాడు. ఉబుంటులో మన ఫైళ్లుండే హోమ్‌కు వేరే పార్టిషన్ ఇస్తాడు. ఎంత ముందుచూపో! రేపు ఉబుంటు మళ్లీ ఎక్కించాల్సి వచ్చినా, ఆ ఒక్కదాన్ని ఫార్మాట్ చేయకుండా వదిలేస్తే పిల్లల ప్రాజెక్టులు, పెళ్లి ఫొటోలు అలాగే ఉంటాయి. చివర్లో, ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. రెండు సిస్టమ్‌లనూ తెరిచి చూపించాకే ల్యాప్‌టాప్ మన చేతికిస్తాడు.